చేతిరుమాలు ఒక సాకు మాత్రమే!

షేక్‌స్పియర్ 'ఒథెల్లో' రాసి నాలుగు వందల ఏళ్లు దాటింది. డెస్డిమోనాను బలితీసుకున్నది మొగుడి అనుమానమే అని అందరం చదువుకున్నాం. మరి ఆ అనుమానానికి నీళ్లు పోసి పెంచింది ఎవరు? ఇయాగో ఒక్కడేనా?

చేతిరుమాలు కనబడలేదని పెళ్లాన్ని చంపేసేవాడు ఎక్కడైనా వుంటాడా? కథ వినగానే ఎవరికైనా వచ్చే సందేహమే ఇది. మనకే కాదు, 1693లో థామస్ రైమర్ అనే ఇంగ్లీషు విమర్శకుడికీ వచ్చింది. ఆయన ఈ నాటకాన్ని తెగ వెక్కిరించాడు. ఇందులో నీతి అంటూ ఏమన్నా వుంటే, పెద్దింటి ఆడపిల్లలు అమ్మానాన్నలకు చెప్పకుండా నల్లవాళ్లతో లేచిపోకూడదనీ, ఇల్లాళ్లు తమ గుడ్డలు జాగ్రత్తగా చూసుకోవాలనీ ఎద్దేవా చేశాడు. వెటకారానికే అన్నాడు. కానీ ఆ వెటకారంలో ఆ కాలం బుద్ధి మొత్తం బయటపడిపోయింది. తప్పు ఎవరిదట? అమ్మాయిదే! లేచిపోవడం ఆమె తప్పు, రుమాలు పారేసుకోవడం ఆమె తప్పు. ఇక మొగుళ్లకు ఆయన చెప్పిన నీతల్లా, అనుమానంతో ఘోరం చేసే ముందు రుజువులు గట్టిగా చూసుకోవాలని మాత్రమే.

కథ మరచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. వెనిస్ సైన్యాన్ని నడిపే ఒథెల్లో ఒక మూర్. ఉత్తర ఆఫ్రికా వాళ్లనీ, నల్లజాతి వాళ్లనీ కలిపేసి ఆనాటి ఇంగ్లీషువాళ్లు వాడిన మాట అది. సెనేటర్ బ్రబాన్షియో ఒక్కగానొక్క కూతురు డెస్డిమోనా అతన్ని ఇష్టపడి రహస్యంగా పెళ్లి చేసుకుంటుంది. తనకు రావలసిన పదవి కాసియోకి ఇచ్చాడని ఒథెల్లో మీద పగబట్టిన ఇయాగో, కాసియోకీ డెస్డిమోనాకీ లేని సంబంధం అంటగడతాడు. ఒథెల్లో భార్యకిచ్చిన మొదటి కానుక, స్ట్రాబెర్రీ పళ్లు కుట్టిన చేతిరుమాలు, కాసియో గదిలో దొరికేలా చేస్తాడు. ఒథెల్లో భార్యను పడకమీదే చంపేసి, నిజం తెలిశాక తననుతాను పొడుచుకుని చనిపోతాడు. అంతే కథ.

అతిథిగా సరే... అల్లుడిగానా?

నాటకం మొదలయ్యేది అర్ధరాత్రి. ఇయాగో వీధిలో నిలబడి బ్రబాన్షియోని నిద్రలేపుతూ 'దొంగలు, దొంగలు' అని అరుస్తాడు. ఏమేం చూసుకోమంటాడో తెలుసా? ఇంటినీ, కూతుర్నీ, డబ్బుసంచుల్నీ! కూతురు ఆ జాబితాలో ఇంటికీ డబ్బుకీ మధ్య వస్తువు. ఆ తర్వాత అదే నోటితో నల్లవాడి గురించి జంతువుల పోలికలు తెచ్చి అసహ్యంగా మాట్లాడతాడు. మొదటి అయిదు నిమిషాల్లోనే రెండు సంగతులూ మన ముందు పెట్టేశాడు షేక్‌స్పియర్. ఆడపిల్ల ఆస్తి, నల్లవాడు పశువు.

ఇక్కడ గమ్మత్తు ఏమిటంటే, ఒథెల్లో ఆ ఇంటికి కొత్తవాడు కాదు. బ్రబాన్షియోనే స్వయంగా ఎన్నోసార్లు ఇంటికి పిలిచాడు, పక్కన కూర్చోబెట్టుకుని యుద్ధం కబుర్లు చెప్పించుకున్నాడు. డెస్డిమోనా ఇంటిపనులు గబగబా ముగించుకుని వచ్చి వినేది. మంచి స్నేహితుడే, గొప్ప వీరుడే... కూతురు చెయ్యి పట్టుకోనంతవరకూ! పట్టుకున్నాక మాత్రం, మంత్రం వేశాడు, మందు పెట్టాడు అని డ్యూక్ దగ్గర ఫిర్యాదు. తన కూతురు బుద్ధి వుండి ఇలాంటివాణ్ణి కోరుకుందంటే ఆ తండ్రి ఊహకే అందదు. మందు పెట్టాడన్న మాట మన దగ్గరా ఇలాంటి పెళ్లిళ్లప్పుడు వినబడేదే కదూ!

సభకు పిలిపిస్తే డెస్డిమోనా ఎంత తెలివిగా మాట్లాడుతుందో చూడండి. తండ్రిని నొప్పించదు. పెంచినందుకు మీకు రుణపడి వున్నాను అంటూనే, అమ్మ తన తండ్రిని కాదని మిమ్మల్ని ఎంచుకున్నట్టే నేనూ నా భర్త పక్షాన నిలబడతానని చెబుతుంది. నాటకంలో ఎక్కడా కనిపించని తల్లిని సాక్ష్యానికి పిలిచిందన్నమాట. డ్యూక్ పెళ్లిని ఒప్పుకుంటాడు. పెద్దమనసు అనుకుంటున్నారేమో... ఆ రాత్రే టర్కీ నౌకలు సైప్రస్ మీదికి వస్తున్నాయని కబురు. ఒథెల్లో లేకపోతే యుద్ధం లేదు. పైగా బ్రబాన్షియోని ఊరడిస్తూ డ్యూక్ అనే మాట, నీ అల్లుడు నల్లగా కన్నా తెల్లగానే ఎక్కువ వున్నాడని. గుణం మంచిదని చెప్పడానికి మనిషిని తెల్లవాణ్ణి చెయ్యాల్సి వచ్చింది! పొగడ్తలోనే వుంది చెంపదెబ్బ.

వెళ్లిపోతూ తండ్రి ఒక మాట విసురుతాడు. తండ్రిని మోసం చేసింది, రేపు నిన్నూ చెయ్యచ్చు, ఓ కన్నేసి వుంచు అని. కడుపుమంటతో అన్న మాట. కానీ ఇయాగో ఆ మాటను భద్రంగా దాచుకున్నాడు.

రెండు నమ్మకాలు కలిపి వేసిన ముడి

ఇయాగో మహా మాయావి అని, లేని విషాన్ని పుట్టించాడని క్లాసుల్లో చెబుతుంటారు. నాకైతే అలా అనిపించదు. అతను పుట్టించింది చాలా తక్కువ. ఊళ్లో అందరూ నమ్ముతున్నవే రెండు తీసుకుని ముడి వేశాడు, అంతే.

మొదటిది ఆడవాళ్ల మీద. వెనిస్ ఆడవాళ్లు దేవుడికి తెలిసే పనుల్ని మొగుడికి తెలియనివ్వరు, మా ఊరివాళ్ల సంగతి నాకు తెలుసు అంటాడు. ఒథెల్లో పరాయివాడు కదా, ఊరివాడి మాట నమ్మక ఏం చేస్తాడు? వెనిస్ అంటే వేశ్యలకు పేరుపడ్డ నగరమని ఆనాటి ఇంగ్లండులో అందరికీ వున్న అభిప్రాయమే. నాటకం చూసేవాళ్లు కూడా తల ఊపే మాట అది. రెండోది రంగు మీద. తన దేశం, తన రంగు, తన హోదా వున్న సంబంధాలెన్ని వచ్చినా కాదన్న పిల్ల నల్లవాణ్ణి కోరుకుందంటే ఆ కోరికలోనే ఏదో వంకర వుండాలట. ఇవాళ మోజు, రేపు కళ్లు తెరుచుకుని తనవాళ్లతో పోల్చి చూసుకుంటుందట.

ఇప్పుడు ముడి చూడండి. నల్లవాడు ప్రేమించదగ్గ మనిషి కాదు. కాబట్టి అతన్ని ప్రేమించిన ఆడది మంచిది కాదు. ఒథెల్లోని ఆమె ప్రేమించడమే ఆమె చెడ్డదనడానికి రుజువు! ఇక రుమాలు ఎందుకు? అది వుత్త సాకు.

ఇంతకన్నా బాధాకరమైన సంగతి ఇంకోటి వుంది. ఆ మాట ముందు ఎత్తింది ఇయాగో కాదు, ఒథెల్లోనే. ప్రకృతి తన దారి తప్పితే... అని ఏదో అనబోతాడు. ఇయాగో టక్కున అందుకుని, అదే నేననేది అంటాడు. ఎన్నేళ్లుగానో తన గురించి ఊరు అనుకునేది అతని మనసులోనూ గూడుకట్టుకుని వుందన్నమాట. ఆ తర్వాత పరువు మాసిపోయిందని చెప్పడానికి అతను తెచ్చుకునే పోలిక ఏమిటి? తన ముఖం రంగే! తన చర్మాన్నే మచ్చకు ఉపమానంగా వాడుకున్నాడు. అంతటి వీరుడు, అద్దంలో ఇతరుల కళ్లతో చూసుకుంటున్నాడు.

ఆనాటి ఇంగ్లండులో...

పేరుకి వెనిస్ కథ గానీ చూసినవాళ్లు లండన్ వాళ్లు. 1596లో ఎలిజబెత్ రాణి పాలనలో, ఈ దేశంలో నల్లవాళ్లు ఎక్కువైపోయారు, పంపించెయ్యండి అంటూ లేఖలు వెళ్లాయి. 1601లో అలాంటి ప్రకటనకే ముసాయిదా తయారైంది. మధ్యలో 1600లో మొరాకో రాజు పంపిన రాయబారి అబ్దుల్ వాహిద్ లండన్‌లో నెలల తరబడి వున్నాడు. నల్లటి అంగీ, తెల్లటి తలపాగా, నడుముకి కత్తి... ఆయన చిత్రపటం ఇప్పటికీ వుంది. స్పెయిన్ మీదికి కలిసి వెళ్దామనే బేరాలు కాబట్టి మర్యాదలు బాగానే జరిగాయి. అవసరం వున్న మూర్‌కి విందు, అవసరం లేనివాడికి ఓడ. వెనిస్ డ్యూక్ చేసిందీ అదే.

ఆడవాళ్ల సంగతి చెప్పేదేముంది? పెళ్లయ్యాక భార్య సొమ్ము భర్తదే. ఇంగ్లండులో ఆ పద్ధతి పూర్తిగా మారడానికి 1882 దాకా ఆగాల్సి వచ్చింది. భార్య భర్తకు లొంగి వుండాలని చర్చిల్లో చదివే ప్రసంగం 1563లోనే అచ్చయింది. అన్నిటికన్నా నన్ను ఆపేసింది మాత్రం 1351 నాటి ఒక చట్టం. భర్త భార్యను చంపితే అది హత్య. భార్య భర్తను చంపితే? అది హత్య కాదు, రాజద్రోహం లాంటి ద్రోహం! మొగుడు ఇంటికి రాజు కాబట్టి. దానికి శిక్ష ఆమెను కట్టెకు కట్టి కాల్చడం. ఆ శిక్షను 1790లో గానీ తీసెయ్యలేదు. డెస్డిమోనా, ఎమీలియా మాటల్ని ఆ జనం ఏ చెవులతో విన్నారో ఊహించుకోవచ్చు.

విచిత్రమేమిటంటే, 1604 నవంబర్ 1న జేమ్స్ రాజు ఆస్థానంలో ఈ నాటకం ఆడినప్పుడు రంగస్థలం మీద నల్లవాడూ లేడు, ఆడమనిషీ లేదు. ఒథెల్లో పాత్రకు పేరుపడ్డ రిచర్డ్ బర్బేజ్ తెల్లవాడే, ముఖానికి రంగు పూసుకునేవాడు. డెస్డిమోనా ఒక కుర్రాడు. 1660 డిసెంబర్ 8న లండన్‌లో డెస్డిమోనాగా ఒక నిజమైన స్త్రీ వచ్చింది. ఇంగ్లండులో టికెట్టు పెట్టిన నాటకశాలలో వేషం కట్టిన మొదటి స్త్రీ ఆమే అంటారు. వచ్చేది నిజంగా ఆడదేనని, నాటకాలాడినంత మాత్రాన చెడ్డది అనుకోవద్దని ముందుగా ప్రేక్షకులకు ఒక పద్యం చదివి మరీ చెప్పారు. శీలం శంకించబడ్డ పాత్ర వెయ్యడానికి వచ్చిన నటికి కూడా శీల పరీక్షే! అంత హడావుడి చేసి, ఆమె పేరు మాత్రం కచ్చితంగా ఎక్కడా రాసిపెట్టలేదు.

అమెరికాలో పుట్టిన నల్లజాతి నటుడు ఐరా ఆల్డ్రిడ్జ్ లండన్‌లో ఒథెల్లో వేసింది 1825లో. 1833లో కోవెంట్ గార్డెన్ అనే పెద్ద నాటకశాలలో అవకాశం వస్తే రెండు ప్రదర్శనలతోనే ఆగిపోయింది. ఎలెన్ ట్రీ లాంటి గౌరవనీయమైన నటిని ఇతను రంగస్థలం మీద చేత్తో పట్టుకోవడమేమిటని ఒక పత్రిక మండిపడింది. చూశారా, ఆడదాని గౌరవం పేరు చెప్పి నల్లవాణ్ణి తరమడం! ఎలెన్ ట్రీని ఎవరైనా అడిగారా అంటే, అడగలేదు. పదిహేనేళ్ల తర్వాత, 1848లో, మన కలకత్తాలో సాన్ సూసీ థియేటర్‌లో వైష్ణవ్ చరణ్ ఆఢ్య అనే బెంగాలీ యువకుడు తెల్లదొరసాని డెస్డిమోనా పక్కన ఒథెల్లో వేస్తే కంపెనీవాళ్ల కలకత్తా అంతా కలకలమే.

1943లో న్యూయార్క్‌లో పాల్ రోబ్సన్ ఒథెల్లో 296 ప్రదర్శనలు ఆడింది. తర్వాత ఊరూరా తిరిగినప్పుడు, నల్లవాళ్లను విడిగా కూర్చోబెట్టే హాళ్లలో ఆడనని ఆయన పట్టుబట్టాడు. 1987లో జొహానెస్‌బర్గ్‌లో జానెట్ సుజ్‌మన్ దర్శకత్వంలో జాన్ కానీ ఒథెల్లో వేశాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పెళ్లిచేసుకోకూడదన్న చట్టాన్ని దక్షిణాఫ్రికా ఎత్తేసి అప్పటికి రెండేళ్లే. భార్యాభర్తలు ముద్దుపెట్టుకునే చోట కొందరు ప్రేక్షకులు లేచి బయటికి వెళ్లిపోయారు. భార్యను చంపే దృశ్యం దాకా ఆగలేదు వాళ్లు. ముద్దు దగ్గరే కోపం వచ్చింది.

చెంపదెబ్బ కొట్టాక భోజనం

మళ్లీ నాటకంలోకి వద్దాం. ఈ సన్నివేశం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ, నాకు చంపే దృశ్యం కన్నా ఇదే ఎక్కువ భయం వేస్తుంది. వెనిస్ నుంచి డెస్డిమోనా బంధువు లొడొవికో ఉత్తరం పట్టుకుని సైప్రస్ వస్తాడు. అతని ఎదుటే ఒథెల్లో భార్యను కొడతాడు. లొడొవికో విస్తుపోతాడు. ఆమెను ఊరడించమని ఒథెల్లోకి చెబుతాడు, ఇంత గొప్పవాడని పేరున్న మనిషి ఇతనేనా అని ఆశ్చర్యపోతాడు. ఆ తర్వాత? రాత్రి వాళ్లింట్లోనే భోజనం చేసి, ఆమెకు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతాడు. అంతే! పుట్టింటి మనిషి, అధికారం వున్న మనిషి, కళ్లారా చూసిన మనిషి. ఒక్క రాత్రి ఆమెను తనతో తీసుకెళ్లి వుంటే? మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు అనుకుని వుంటాడు. ఆ రాత్రే ఆమె చనిపోయింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఇద్దరాడవాళ్లు మాట్లాడుకుంటారు. డెస్డిమోనా, ఆమె చెలికత్తె ఎమీలియా. ఎమీలియా ఎవరో కాదు, ఇయాగో భార్యే. జడ విప్పుతూ, పిన్నులు తీస్తూ మాటలు. చిన్నప్పుడు తమ ఇంట్లో అమ్మ దగ్గర బార్బరీ అనే పనిపిల్ల వుండేదనీ, ప్రేమించినవాడు వదిలేస్తే ఒక పాట పాడుకుంటూ చనిపోయిందనీ చెబుతుంది డెస్డిమోనా. బార్బరీ అంటే ఉత్తర ఆఫ్రికా తీరానికి అప్పటి పేరు. ఆ పనిపిల్ల నల్లపిల్లే అయితే? టోనీ మోరిసన్ 2011లో 'డెస్డిమోనా' పేరుతో రాసిన నాటకంలో ఈ పనిపిల్లను ఆఫ్రికా స్త్రీగా నిలబెట్టి, నీకు నా పేరు కూడా తెలియదు కదా అని డెస్డిమోనాని నిలదీయించింది. నల్లవాణ్ణి ప్రేమించిన డెస్డిమోనాకీ ఇంట్లో పనిపిల్ల అసలు పేరు తెలియదు!

మొగుణ్ణి మోసం చేసే ఆడవాళ్లు నిజంగా వుంటారా అని అమాయకంగా అడుగుతుంది డెస్డిమోనా. ఎమీలియా జవాబు చిన్నది కాదు. భార్యలు తప్పుదోవ పట్టారంటే అందులో మొగుళ్ల తప్పు ఎంత? వాళ్లు వేరే గడపలు తొక్కుతారు, ఊరికే అనుమానిస్తారు, చెయ్యి చేసుకుంటారు. మాకూ వాళ్లలాగే కళ్లున్నాయి, నాలుకకు రుచి తెలుసు, మాకూ కోరికలు, బలహీనతలు వున్నాయి... ఇలా సాగుతుంది. ఇది 1623లో అచ్చయిన ప్రతిలో వుంది. ఏడాది ముందు, 1622లో అచ్చయిన ప్రతిలో ఈ ప్రసంగమూ లేదు, డెస్డిమోనా పాటా లేదు. ఎందుకు లేవన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే వున్నారు.

నోరు మూసుకోమంటే...

రుమాలు తీసి మొగుడికిచ్చింది ఈ ఎమీలియానే. అమ్మగారు జారవిడిస్తే ఏరుకుంది. ఎందుకిచ్చింది? అతను ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు, ఇస్తే సంతోషిస్తాడని. ఒక మంచి మాట కోసం. రుమాలు ఏమైందని డెస్డిమోనా అడిగితే, తెలియదని అబద్ధం చెప్పింది. దాంతో ఎంత అనర్థం జరుగుతోందో కళ్లముందు కనబడుతున్నా మొగుడి పేరు బయటపెట్టలేదు. ఇలాంటి ఇల్లాళ్లను మనం చూడలేదా?

షేక్‌స్పియర్ ఈ కథను 1565లో అచ్చయిన చింతియో అనే ఇటాలియన్ రచయిత సంకలనం నుంచి తీసుకున్నాడు. అందులో కూడా ఆ దుర్మార్గుడికి భార్య వుంది. ఆమెకు కుట్ర మొత్తం తెలుసు. మొగుడికి భయపడి నోరు విప్పలేదు. అతను చనిపోయాకే కథ బయటికి చెప్పింది. షేక్‌స్పియర్ మార్చింది సరిగ్గా ఇక్కడే. అతని ఎమీలియాకు కుట్ర తెలియదు. తెలిసిన క్షణంలో, గదినిండా మగవాళ్లు కత్తులు పట్టుకుని వుండగా నోరు విప్పుతుంది. ఇయాగో ఇంటికి పొమ్మంటాడు, నోరు అదుపులో పెట్టుకోమంటాడు. నిజానికి నేను అతని మాట వినాలి, కానీ ఇప్పుడు కాదు అంటుంది. ఇక ఎప్పటికీ ఇంటికి వెళ్లనేమో అని కూడా అంటుంది. 1604లో ఒక భార్య పదిమందిలో ఆ మాట అనడం! రుమాలు నేనే ఇచ్చానని చెబుతుంది. ఇయాగో వెనకనుంచి పొడిచి పారిపోతాడు.

ఆమెను దేవతను చేసి వదిలెయ్యడానికి కుదరదు. ఒథెల్లోని తిట్టేటప్పుడు ఎమీలియా నోటి నుంచి రంగు తిట్లూ వస్తాయి. నల్లదెయ్యం అంటుంది, డెస్డిమోనా చేసుకున్నది మురికి బేరం అంటుంది. హంతకుణ్ణి హంతకుడు అంటే చాలదా? నల్లవాడని కూడా అనాలా? ఆడదానికి జరిగే అన్యాయం గురించి అంత స్పష్టంగా చూసిన కళ్లకి రంగు దగ్గర పొర కమ్మింది. ఒథెల్లోదీ అదే గొడవ. రంగును బట్టి తన మీద నిందలు వెయ్యడం ఎంత అన్యాయమో సభలో నిలబడి నిరూపించిన మనిషే, ఆడదాని మీద నింద వస్తే, ఎమీలియాని అడిగి కూడా ఆమె చెప్పిన సాక్ష్యం నమ్మలేదు. అతని మీద ఆరోపణ వచ్చినప్పుడు డెస్డిమోనాని పిలిపించి అడగండి అన్నాడు. ఆమె మీద ఆరోపణ వచ్చినప్పుడు, కాసియోని పిలిపించి అడగండి అని ఆమె బతిమాలితే వినలేదు.

విశాల్ భరద్వాజ్ 2006లో తీసిన 'ఓంకార' చాలామంది చూసే వుంటారు. అక్కడ రంగు బదులు కులం వచ్చింది. బ్రాహ్మణుల అమ్మాయి డాలీ, తక్కువ కులం తల్లికి పుట్టిన ఓంకార. రుమాలు బదులు వడ్డాణం. తండ్రి చివర్లో విసిరే మాట మాత్రం అక్షరాలా అదే, తండ్రిని మోసం చేసినదాన్ని నమ్మకు అని. ఎమీలియా పాత్రకు అక్కడ ఇందు అని పేరు. కొంకణా సేన్ శర్మకు జాతీయ అవార్డు తెచ్చిపెట్టిన పాత్ర. ఇందు మాటలతో ఆగదు, కత్తిపీట లాంటి ఆయుధంతో మొగుడి గొంతు కోసేస్తుంది. హాల్లో ఈలలు పడ్డాయి. నాకు మాత్రం మొగుడి ముందు నిలబడి ఇంటికి రాను అన్న ఎమీలియానే ఎక్కువ గుర్తుండిపోయింది.

చనిపోతూ ఎమీలియా కోరింది ఒక్కటే, తనను అమ్మగారి పక్కన పడుకోబెట్టమని. నాటకం చివర లొడొవికో అన్నీ పంచిపెడతాడు. ఒథెల్లో ఇల్లూ ఆస్తీ డెస్డిమోనా బాబాయి గ్రాషియానోకి. సైప్రస్ అధికారం కాసియోకి. ఇయాగోని హింసించే పనీ కాసియోకే. తను వెళ్లి ప్రభుత్వానికి అంతా విన్నవిస్తానంటాడు. ఎమీలియా పేరు ఎత్తడు. ఆమె కోరిక తీర్చారో లేదో షేక్‌స్పియర్ రాయలేదు. అందుకే ఆ నాటకం వేసే ప్రతి దర్శకుడూ, ఆమెను ఆ మంచం మీద పడుకోబెట్టాలా, కింద వదిలెయ్యాలా అన్నది తనే తేల్చుకోవాల్సి వస్తుంది.